సంగటి ముద్ద దిగని రోజులు

ఆ రోజు మా ఆయన పని మధ్యలో వదిలేసి ఇంటికి వచ్చాడు. పెళ్ళయి ఇన్నేళ్ళలో అట్లా రావడం అదే మొదటిసారి. ఆయన బోరు మోటార్ల మెకానిక్. పేరు తిప్పేస్వామి. ఉరవకొండ చుట్టుపక్కల ఎవరి చేనులో మోటారు కాలినా ఈయనకే ఫోను వస్తుంది. వానలు పడని ఏడాది మాకు పని ఎక్కువ. ఆ రోజు ఒక రైతు చేనులో మోటారు పైకి లాగుతూ, సగంలో తాడు పక్కవాళ్ళ చేతికిచ్చి కింద కూర్చున్నాడట.

"గుండె ఎట్లో కొట్టుకుంటాండాది మే. రొంతసేపు ఉరుకుతాది, ఆగుతాది, మళ్ళా ఉరుకుతాది" అన్నాడు.

"ఎండకు తిరిగినావు. మజ్జిగ తాగి పండుకో" అన్నాను. నేను అంగన్‌వాడీ టీచర్ని. ఊళ్ళో అందరికీ ఆరోగ్యం గురించి చెప్పేదాన్ని. అయినా మొదట నా నోట వచ్చిన మాట అదే. తర్వాత ఆయన ఎదమీద చెయ్యి పెట్టి చూశాను. గంప కింద మూసిన కోడిపిల్ల కొట్టుకున్నట్టుంది. వెంటనే అనంతపురం బయలుదేరాం.

ఈసీజీ తీశారు, ఎకో తీశారు. "ఏట్రియల్ ఫిబ్రిలేషన్" అన్నారు. గుండె పైగదులు సరిగ్గా కొట్టుకోకుండా వణుకుతున్నాయట. అక్కడ రక్తం గడ్డకట్టి మెదడుకు పోతే పక్షవాతం వస్తుందట. బ్లడ్ థిన్నర్ ఇచ్చి, మానొద్దన్నారు. ఏడాదిపాటు మాత్రలతో నెట్టుకొచ్చాం. ఒకసారి షాక్ ఇచ్చి గుండెను దారికి తెచ్చారు. నెల తిరగకుండానే అది మళ్ళీ దారి తప్పింది. మెట్టు ఎక్కితే ఆయాసం, సైకిలు తొక్కితే ఆయాసం. చివరికి మా డాక్టరే బెంగళూరుకు పొమ్మన్నారు.

బెంగళూరు డాక్టరు ఓపికగా మాట్లాడే మనిషి. "గుండెలో అక్కడక్కడా తప్పుడు కరెంటు పుడుతోందప్పా. తొడ నరంలోంచి సన్నటి తీగ పంపి, ఆ చోట్లను లోపలే కాలుస్తాం. దీన్నే క్యాథెటర్ ఏబ్లేషన్ అంటారు" అని చెప్పారు.

మా ఆయనకు ఈ మాట బాగా ఎక్కింది. "మోటారు వైండింగులో షార్టు ఉంటే ఆ చుట్టు తీసేస్తాము సార్ మేము. అట్లనా?" అని అడిగాడు. డాక్టరు నవ్వి, అట్లాగే అనుకో అన్నారు.

ఆ తర్వాత చెప్పిన మాటలు ఇప్పుడు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. "గుండెకు వెనకాలే ఈసోఫేగస్ ఉంటుంది. అన్నం దిగే గొట్టం. కాల్చేటప్పుడు వేడి దానికి తగిలి, తర్వాత పుండు పడి, చాలా చాలా రేర్‌గా రెండిటికీ మధ్య రంధ్రం పడొచ్చు. రెండు నెలల లోపల జ్వరం వచ్చినా, మింగితే నొప్పి వచ్చినా, చెయ్యో కాలో పట్టు తప్పినా మాకు ఫోన్ చేయాలి."

ఇద్దరమూ తల ఊపాం. సంతకం పెట్టించుకునే ముందు అందరికీ చెప్పే మాటలే కదా అనుకున్నాం. రేర్ అంటే మనకు రాదని మేము అర్థం చేసుకున్నాం. అయినా జ్వరమొస్తే గుండె డాక్టరుకు ఫోన్ చేయాలని మా ఇళ్ళలో ఎవరికి తోస్తుంది?

ఏబ్లేషన్ ఏ ఇబ్బందీ లేకుండా జరిగిపోయింది. తొడ దగ్గర చిన్న గాటు, దాని మీద ఒక పట్టీ. అంతే. మూడోనాటికి ఇంట్లో ఉన్నాం. ఇంటికి రాగానే ఆయన మణికట్టు నా చేతిలో పెట్టి, "చూడు మే, గడియారం కొట్టుకున్నట్లు ఎట్ల కొట్టుకుంటాండాదో" అన్నాడు. నిజంగానే ఒక్క దెబ్బ తప్పలేదు. ఆ సంతోషం నేను దాచుకోలేదు. ఎదురింటివాళ్ళకు, సెంటర్లో ఆయాకు, అందరికీ చెప్పుకున్నాను. కొన్నాళ్ళకు ఆయన పనికి కూడా పోసాగాడు. వాళ్ళిచ్చిన గ్యాస్ మాత్ర మాత్రం మానేశాడు. "నాకు గ్యాసే లేదు, ఏ చీటీ రాసినా ఈ బిళ్ళ రాస్తారు" అన్నాడు. అన్నవాహికను కాపాడటానికే దాన్ని ఇస్తారని మాకు తర్వాత తెలిసింది. అది వేసుకున్నవాళ్ళకు కూడా ఆ రంధ్రం పడవచ్చని డాక్టర్లే అన్నారు. కాబట్టి దాన్ని పట్టుకొని నేను ఇప్పుడు ఆయనను సాధించడం లేదు.

మూడో వారం దాటుతుండగా ఒక పూట సంగటి దిగలేదు.

మా వైపు కాని వాళ్ళకు ఒక సంగతి చెప్పాలి. మేము రాగి సంగటి నమలము. ముద్ద తుంచి, నున్నగా చేసి, ఊరిబిండి పచ్చడిలోనో పప్పులోనో అద్ది మింగేస్తాం. నమిలితే, వీడేందప్పా పసిపిల్లోని మాదిరి నములుతాండాడు అని నవ్వుతారు. అట్లాంటిది, పుట్టినప్పటి నుంచి సంగటి మింగిన మనిషి ఒక ముద్ద మింగి ఆగిపోయాడు. ఎదమధ్య చెయ్యి పెట్టుకున్నాడు.

"ఈడ పట్టుకుంటాండాది" అన్నాడు.

మా ఇంట్లో సంగటి దిగకపోతే తప్పు గొంతుది కాదు. తెడ్డుతో గెలికిన ఆడదానిది. మా అత్త పళ్ళెంలోంచి ఒక ముద్ద తీసుకుని వేళ్ళతో నలిపి చూసింది.

"పిండి ఉడకలే. ఉండలు కట్టిండాది. గెలికేటప్పుడు నీ ధ్యాస యాడుంటాది? నోరు ఆడినంత బిరీన చెయ్యి ఆడదు నీకు" అంది.

నా నోరు పెద్దదని మా అత్త అభిప్రాయం. అది ఊరందరికీ తెలుసు. నేనూ ఊరుకోలేదు. "నీ కొడుక్కి ఇన్నేండ్లు దిగింది నేను గెలికిందే కదా అత్తా" అన్నాను. మరునాడు కాళ్ళ మధ్య కుండ పెట్టుకుని, చేతులు నొప్పి పుట్టేదాకా గెలికాను. అదీ దిగలేదు. ఆ మరునాడు అత్తే తెడ్డు పట్టుకుంది. ఆమె గెలికింది కూడా దిగలేదు. అప్పుడు తప్పు నా మీద నుంచి పిండి మీదికి, పిండి మీద నుంచి మర ఆడించినవాడి మీదికి పోయింది. పాత రాగులు కలిపాడని అత్త వాణ్ణి తిట్టింది. మా ఆయన మాత్రం మెత్తగా చేసిన అన్నం, మజ్జిగ కలుపుకొని, కళ్ళు మూసుకొని తింటున్నాడు. అది కొంచెం నయం అన్నాడు.

ఆ వారమంతా మా ఇంట్లో పంచాయితీ సంగటి మీదే. లోపల ఆ మనిషికి ప్రాణం మీదికి వస్తుంటే మేము పిండి గురించి కొట్లాడుకున్నాం. తలచుకుంటే ఇప్పటికీ నాకు ఏడుపు, నవ్వు రెండూ వస్తాయి.

తర్వాత జ్వరం వచ్చింది. వణికించే జ్వరం. రెండు దుప్పట్లు కప్పినా పళ్ళు కొట్టుకున్నాయి. మా ఊళ్ళో సూదులు వేసే ఆయన వచ్చి వైరల్ అన్నాడు. ఇంజక్షన్ వేసి, దూలానికి తాడు కట్టి గ్లూకోజు ఎక్కించాడు. చెమటపట్టి జ్వరం దిగింది. సాయంత్రానికి మళ్ళీ వచ్చింది. అత్త మిరపకాయలతో దిష్టి తీసి పొయ్యిలో వేసింది. రెండోసారి గ్లూకోజు ఎక్కించినా జ్వరం తగ్గకపోయేసరికి నేను ఎవరి మాటా వినకుండా జీపు మాట్లాడాను.

అనంతపురంలో ఈసారి పోయింది వేరే ఆసుపత్రికి. జ్వరం, మింగితే నొప్పి అని చెప్పాం. రక్తపరీక్షలో ఇన్ఫెక్షన్ చాలా ఎక్కువగా ఉందన్నారు. "మింగడానికి ఇబ్బంది కాబట్టి పొద్దున ఎండోస్కోపీ చేద్దాం, కెమెరా గొట్టం వేసి చూస్తే తెలిసిపోతుంది" అన్నారు. మాకు అది మంచి మాటగానే తోచింది. చూస్తే తెలుస్తుంది కదా, ఈ పిండి గొడవ తీరిపోతుంది కదా అనుకున్నాను.

పొద్దున ఎండోస్కోపీ గదిలో ఆయనను ఎడమవైపుకు తిప్పి పడుకోబెట్టారు. నేను గది వాకిలి దగ్గర నిలబడి ఉన్నాను. కడుపు డాక్టరు వయసులో చిన్నవాడే. గొట్టం చేతికి తీసుకుని అందరినీ అడిగేవే అడిగాడు. షుగర్ ఉందా, బీపీ ఉందా, ఇంతకు ముందు ఆపరేషన్లు ఏమైనా జరిగాయా.

"ఏం లేవు సార్. ఒంటికి ఒక కుట్టు పడలే నాకి" అన్నాడు మా ఆయన.

అబద్ధం చెప్పాలని కాదు. ఆపరేషన్ అంటే కోయాలి, కుట్లు పడాలి, పథ్యం పెట్టాలి. ఆయన లెక్కలో తొడలో తీగ పెట్టడం ఆపరేషన్ కాదు. మా ఊళ్ళో ఎవరి లెక్కలోనూ కాదు. కానీ నాకు అప్పటికే ఒళ్ళు మండి ఉంది. నిద్రలేదు, తిండి లేదు, వారం రోజులుగా తెడ్డు పేరుతో మాటలు పడ్డాను. ఆ విసుగంతా అక్కడ బయటికి వచ్చింది.

"ఏం లేదంటావేమప్పా? తొడకాడి నుంచి గుండెకాడికి తీగలు పోనిచ్చి, లోపల కాల్చుకోని వస్తివి. అంత చేయించుకోని ఏం లేదంటావా?" అన్నాను, అది ఆసుపత్రి అని కూడా చూడకుండా.

"అది ఆపరేషనా మే? మూడోనాడు ఇంటికి రాలేదా?" అన్నాడాయన.

డాక్టరు చేతిలో గొట్టం అట్లాగే ఆగిపోయింది. నా వైపు తిరిగాడు. "ఏబ్లేషనా అమ్మా? ఎప్పుడు?"

"నెల అయింటాది సార్. బెంగళూర్లో."

డాక్టరు గొట్టం తీసుకెళ్ళి కొక్కేనికి తగిలించేశాడు. నర్సుతో ఏదో చెప్పి నా దగ్గరికి వచ్చాడు. "అమ్మా, ఈ గొట్టంతో పాటు మేము లోపలికి గాలి పంపుతాం. లోపల రంధ్రం పడి ఉంటే ఆ గాలి గుండెలోకి పోతుంది. అక్కడి నుంచి మెదడుకు పోతుంది. మనిషి ఈ బల్ల మీదే పోతాడు. ముందే చెప్పాలి కదమ్మా" అన్నాడు. గట్టిగా అనలేదు. అతని ముఖమే తెల్లబోయి ఉంది. నాకు బెంగళూరు డాక్టరు మాటలన్నీ ఒక్కసారిగా గుర్తుకొచ్చాయి.

ఎండోస్కోపీ మానేసి, రక్తంలోకి మందు ఎక్కించి సీటీ స్కాన్ తీశారు. బెంగళూరు డాక్టరుతో ఈ డాక్టరే ఫోనులో మాట్లాడాడు. గుండె వెనక, ఉండకూడని చోట గాలి బుడగలు కనిపించాయట. "ఏట్రియో ఈసోఫేజియల్ ఫిస్టులా. గుండెకూ అన్నవాహికకూ మధ్య రంధ్రం పడింది. నేను చదివిందే గానీ చూడలేదు. ఇప్పుడే బెంగళూరుకు బయలుదేరండి. నోట్లోకి నీళ్ళ చుక్క కూడా పోకూడదు" అన్నాడు.

అంబులెన్సులో ఆయన నీళ్ళు అడుగుతూనే ఉన్నాడు. "ఒక్క గుటక మే. డాక్టరుకేం తెలుస్తాది? ఒక్క గుటక." ఎంతమంది చేలల్లో నీళ్ళు పైకి తెచ్చిన మనిషి. నా ఒళ్ళో నీళ్ళ సీసా ఉంది. దాన్ని ఆయనకు కనబడకుండా సీటు కిందికి తోశాను. తడిగుడ్డతో పెదాలు తుడిచాను, అంతకన్నా ఏమీ చేయలేకపోయాను. పెనుకొండ దాటాక నా చెయ్యి పట్టుకున్న ఆయన ఎడమచెయ్యి జారిపోయింది. "చెయ్యి పట్టుకోప్పా" అన్నాను. పట్టుకున్నానులే అన్నాడు. పట్టుకోలేదు.

బెంగళూరులో ఇద్దరు సర్జన్లు మాట్లాడారు. ఒకరు గుండెకు, ఒకరు అన్నవాహికకు. "గుండెకు పడిన రంధ్రాన్ని ప్యాచ్ వేసి మూస్తాం. ఈసోఫేగస్ కుట్టి, రెండిటి మధ్య కండ పెడతాం. ఇన్ఫెక్షన్ ముద్దలు మెదడుకు పోయి స్ట్రోక్ మొదలైంది. ఆపరేషన్ చేయకపోతే బతకడు. చేసినా మాట ఇవ్వలేం" అన్నారు. ఈసారి వాళ్ళు చెప్పిన ప్రతి మాటా విన్నాను. ఏది రేర్ అన్నా, అది మాకే వస్తుందనుకొని విన్నాను.

ఆ రాత్రే ఆపరేషన్ చేశారు. మరునాడు మా అత్త వచ్చింది. మా పిల్లలిద్దరినీ మా అక్క ఇంట్లో వదిలి, ఒక్కతే బస్సెక్కి వచ్చింది. ఐసీయూ బయట నా పక్కన కూర్చుని, "కొండనాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్లాయ" అని ఒకసారి అంది. చీకటి పడే వేళకు నా వైపు చూడకుండానే చెప్పింది.

"నువ్వు గెలికిన సంగటి బాగనే ఉండ్య మే."

ఆమె భుజం మీద తల పెట్టి ఏడ్చాను. ఆ ఆసుపత్రిలో నేను ఏడ్చింది అప్పుడే. తర్వాత ఏడవడానికి ఓపిక కూడా మిగల్లేదు.

ఆసుపత్రికి కట్టిన దుడ్ల సంగతి రాయను. ఆ కథ అందరికీ తెలిసిందే.

ఆయన బతికాడు. కానీ బతకడం అంటే ఒక్క రోజులో అయ్యేది కాదని నాకు అక్కడ తెలిసింది. వెంటిలేటర్ తీశారు, మళ్ళీ పెట్టారు. జ్వరం తగ్గిందన్నారు, మళ్ళీ వచ్చిందన్నారు. కుట్టిన చోట లీక్ ఉందన్నారు. ఎదలోంచి గొట్టాలు, పొట్టలోంచి ఒక ఫీడింగ్ ట్యూబ్. పొద్దున డాక్టరు ముఖం చూసి ఆ రోజు ఎట్లా ఉంటుందో చెప్పడం నేర్చుకున్నాను. ఆయన చిక్కిపోయి మంచంలో పరుపుకు అంటుకుపోయాడు. ఒకసారి, "ఆ రోజు గొట్టం వేసింటే అయిపోయుండు. నీ నోరు ఊరుకోలే" అన్నాడు. ఆ మాటతో నన్ను తిట్టాడో మెచ్చుకున్నాడో అడగలేదు. ఆయనకూ తెలిసి ఉండదు.

ఇంటికి వచ్చాక కూడా నెలల తరబడి తిండి ట్యూబులోంచే. వడగట్టిన జావ, పాలు, పొడి కలిపిన నీళ్ళు పెద్ద సిరంజితో మెల్లగా పోసేదాన్ని. కడుపు నిండేది, నోటికి మాత్రం ఏమీ తెలిసేది కాదు. వంటింట్లోంచి తాలింపు వాసన వస్తే అటు తిరిగి పడుకునేవాడు. నేను ఆయన ముందర తినలేక పెరట్లో గోడచాటున నిలబడి రెండు ముద్దలు మింగి వచ్చేదాన్ని. ఇంట్లో సంగటి చేయడమే మానేశాం. అత్తే ఆ తెడ్డును అటక మీద పెట్టేసింది.

తర్వాత ఒకసారి బెంగళూరులో మందు మింగించి ఎక్స్‌రే తీసి చూశారు. లీక్ లేదు, పొట్టలో ట్యూబు తీసేద్దాం అన్నారు. మొదట నీళ్ళు, తర్వాత జావ, తర్వాత మెత్తటి అన్నం. "ఇక ఏం తిన్నా బాగా నమిలి తినాలి. ముద్దలు మింగడం మర్చిపో" అని సర్జన్ చెప్పారు. సంగటి అంటే ఏమిటో ఆ డాక్టరుకు తెలుసు. అందుకే ఆ మాట రెండుసార్లు చెప్పారు.

ఇప్పుడు ఆయన ఎడమచేతికి పట్టు సగమే వచ్చింది. మోటార్లు లాగలేడు. మా రిపేరు షాపులో కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. మోటారు ఆన్ చేస్తే శబ్దం విని ఎక్కడ తప్పుందో చెబుతాడు, పనివాళ్ళు బాగుచేస్తారు. నడిస్తే అలసట. మాట్లాడితే అలసట. నాకూ అలసటే. రోజూ మాత్రలు ఇవ్వడం, చేతికి వ్యాయామం చేయించడం, మూడు నెలలకోసారి బెంగళూరు బస్సు. ఇవన్నీ అయ్యాక, ఏ దడ పోగొట్టుకోవడానికి పోయామో ఆ దడ మళ్ళీ అప్పుడప్పుడు వస్తోంది. మాత్రలతో అదుపులో పెడదాం అన్నారు డాక్టరు. "దీంతోనే సంసారం చేస్తా సార్. ఇంగ తీగలొద్దు" అన్నాడు మా ఆయన. డాక్టరు కూడా బలవంతపెట్టలేదు.

ఏబ్లేషన్ చేయించుకోవద్దని నేను చెప్పడం లేదు. ఆ వార్డులో మాతోపాటు చేయించుకున్నవాళ్ళు హాయిగా పనులు చేసుకుంటున్నారు. నేను చెప్పేది ఒక్కటే. ఏబ్లేషన్ అయిన రెండు నెలల లోపు జ్వరం వచ్చినా, మింగితే నొప్పి వచ్చినా, చెయ్యి కాలు పట్టు తప్పినా, ఊళ్ళో సూదులతో ఆగకండి. ఏబ్లేషన్ చేసిన ఆసుపత్రికి ఆ గంటలోనే ఫోన్ చేయండి. ఏ డాక్టరు ముందు కూర్చున్నా, వాళ్ళు అడిగినా అడగకపోయినా, నోట్లో గొట్టం పెట్టకముందే మొదటి మాటగా ఏబ్లేషన్ జరిగిందని చెప్పండి. కుట్లు పడలేదు కదా అని ఊరుకోకండి. రోగి చెప్పకపోతే పక్కనున్నవాళ్ళు చెప్పండి. నోరు పెద్దదంటారు, అననీయండి.

మొన్న అత్తే అటక మీది తెడ్డు దించింది. జారుగా, మెత్తగా సంగటి గెలికి కొడుక్కి చిన్న ముద్ద పెట్టింది. ఆయన తుంచుకుని, ఊరిబిండిలో అద్దుకుని, చిన్నపిల్లాడిలా నమిలాడు. ఎవరమూ నవ్వలేదు. నేను నా పళ్ళెం ముందర చెయ్యి కడుక్కుని కూర్చుని ఆయన గొంతునే చూస్తున్నాను. ప్రతి పూటా అంతే. ఆయన తినడం మొదలుపెట్టినప్పటి నుంచి, మొదటి ముద్ద దిగేదాకా నాకు చెయ్యి ఆడదు. నమిలి నమిలి మింగాడు. గొంతు కదిలింది. ఎదమీదికి చెయ్యి పోలేదు.

"దిగింది లే మే. నువ్వు తిను" అన్నాడు.